లూదియా టీచరు జిగురు సమరం

నల్లమల గిరిశ్రేణికి పడమట, నవనందుల నెలవై అలరారు నంద్యాల పురమందు, డిసెంబరు మాసపు మూడవ శుక్రవారమున, అరుణోదయవేళ, నలుబదియారేండ్ల తెలుగు పండితురాలు లూదియా, త్రివళీవిరాజితమగు తన నుదుటిపై సమరము ప్రకటించి, అద్దము ముందు నిలిచెను. ఆ మధ్యాహ్నము మూడు గంటలకే నంద్యాలలో పదవ తరగతి మిత్రుల ముప్పదేండ్ల గ్రూపు ఫోటో! అందుకై ఏడాది పొడుగునా జ్వరమునకు సైతము వాడక దాచుకొన్న అరపూట సెలవొక్కటే ఆమె అమ్ములపొదిలో మిగిలిన కడపటి బాణము.

కలబంద గుజ్జు, ఉసిరి రసము, మంజిష్ఠ చూర్ణము, సంతలో నల్లమల గూడెపు శివమ్మ అమ్మిన చెట్టు జిగురు, ఈ చతురంగబలములను ఆమె గిన్నెలో మోహరించెను.

"జిగురు గోరంత చాలమ్మా. ఎక్కువేసినావంటే మొగం బిగుసుకుంటాది" అని శివమ్మ చెప్పనే చెప్పెను. యౌవనకాంక్ష గోరంతతో తీరునా? లూదియా చెంచాడు వేసి, ముఖమంతయు పూసెను. ముడతలు మాయమయ్యెను. ఆ వీరనారి మురిసిపోయి, కడుగుట మానుకొని, పైన పౌడరద్ది, ఆళ్లగడ్డ బస్సెక్కెను.

బడిలో తొమ్మిదికి నాలుగు నిమిషములుండగా, ముఖము చూపి హాజరు వేయుటకు ఫోనెత్తెను. "కళ్లు ఆర్పండి" అని అది ఆజ్ఞాపించెను. రెప్పలు కదలవు. "ముఖం సరిపోలలేదు" అనెను. తొమ్మిది దాటెనా, ఆలస్యమునకు కోతపడి ఆ అరపూట సెలవు హతము!

"ఓరీ కరతలమాత్ర యంత్రాధమా! పదునెనిమిదేండ్లుగా ఈ బడి సుద్దపొడి మ్రింగిన ముఖమును ఎరుగవా? కడిగికొందునా, నా యౌవనము నీటిపాలు! కడుగకుందునా, నా సెలవు నీపాలు!" అని ఆమె సింహగర్జన చేసెను. పెదవులు బిగిసియున్నందున బయటకు "ఊఁ... ఊఁ..." అని మాత్రమే వినవచ్చెను.

అంతట ప్రధానోపాధ్యాయిని ప్రేమకుమారి ఎగాదిగా చూచి, "ఏం లూదియా, మొగానికి గంజి పెట్టినావా ఏందీ? ఇస్త్రీ గూడా చేయించుకోని రాకపోయినావా!" అనెను.

రోషము రావలసిన చోట లూదియాకు నవ్వు వచ్చెను. ఆపినకొలది పొంగెను. జిగురు పటపట పగిలెను. పాత కందకములనుండి మూడు ముడతలును లేచి నిలిచెను, రెప్పలు టపటప కొట్టుకొనెను. "హాజరు నమోదైంది" అని ఫోను పలికెను. సమయము ఎనిమిది యాబదితొమ్మిది.

"ఫోటోకు ఇట్లనే పోతావా?" అని ప్రేమకుమారి అడిగెను.

"ఇట్లనే పోతా మేడం. ఈ దిక్కుమాలిన ఫోనే గుర్తుపట్టింది, మావోళ్లు పట్టరా?"

దిక్కులు వినుగాక! వైరులని తాను తలచిన ముడతలే వచ్చి కాపాడగా, లూదియా అరపూట సెలవు గెలిచెను.