అడుగున ఉన్న కాగితం

కాఫీ మెషీన్ మూత దానంతటదే పైకి లేచింది. దాని కింద నుంచి నల్లటి ధార కౌంటర్ మీదకు పాకి, అక్కడి నుంచి అప్పుడే తుడిచిన నేల మీదకు దూకింది. కింద పెట్టిన గాజు జగ్గులో మాత్రం చుక్క లేదు.

"ఆపండీ! ముందు దాన్ని ఆపండి!" భార్య అరిచింది.

"స్విచ్ కట్టేశాను. అయినా పొంగుతూనే ఉంది!" అంటూ భర్త చేతికందిన గుడ్డ లాగి అడ్డం పెట్టాడు. అది మసిగుడ్డ కాదు. ఓనర్ ముందు పరుద్దామని ఇస్త్రీ చేసి తెచ్చిన తెల్లటి టేబుల్ క్లాత్.

అత్తగారు చీపురు కోసం పరిగెత్తారు. ఆవిడ మోచెయ్యి తగిలి బిస్కెట్ల సీసా దొర్లింది. సీసా దారి మళ్ళించడంతో కాఫీ నేరుగా గోడ దగ్గరున్న ప్లగ్ బాక్స్‌లోకి వెళ్ళింది. ఠప్‌మని శబ్దం. సగం దించిన షట్టర్ వెనక షాపంతా చీకటి.

సరిగ్గా అప్పుడే వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఓనర్ దిగి వస్తున్నారు.

నిజానికి ఆ ఉదయం జరగవలసింది చాలా చిన్న పని. ఓనర్ కిందకు వచ్చి, మొదటి కప్పు తాగి, బాగుందంటే షాపు తాళంచెవి ఇవ్వాలి. ఈ ఒక్క పూటకు పొద్దున్నే ఆయనే వచ్చి తలుపు తీసి వెళ్ళారు. ఆయన రిటైరైన టైలర్. జీవితమంతా ఆ గదిలోనే బట్టలు కుట్టారు. వీధిలో అందరికీ మాస్టారు. ఇప్పటికీ మెడలో టేపు లేకుండా గడప దాటరు.

ఆయన షరతు ఒక్కటే. "ఇంతకుముందు ఇద్దరు అన్నదమ్ములకిచ్చాను. రోజూ కొట్టుకున్నారు. చివరికి నా షట్టర్‌ని కొట్టారు. గొడవపడేవాళ్ళకు ఈ షాపు ఇవ్వను."

ముగ్గురూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఊపి, ఇంటికి వెళ్ళగానే గొడవ మొదలుపెట్టారు.

గొడవ ఫిల్టర్ గురించి. భర్తది స్టీలు పార్టీ. "కాఫీ రుచంతా అందులోని నూనెలో ఉంటుంది. కాగితం ఆ నూనెని తాగేస్తుంది. కాఫీ మనుషులు తాగాలా, కాగితం తాగాలా?"

భార్యది కాగితం పార్టీ. "మీ స్టీలు జల్లెడలోంచి పొడి దిగుతుంది. చివరి గుక్క తాగితే పళ్ళు తోముకున్నట్టుంటుంది."

"స్టీలైతే కడిగి మళ్ళీ వాడుకోవచ్చు."

"కడిగేదెవరు?"

ఈ ప్రశ్న దగ్గర భర్త ఎప్పుడూ ఓడిపోయేవాడు. అందుకే రాజీ కుదిరింది. మొదటి కప్పు స్టీలుతో, రెండో కప్పు కాగితంతో. రాజీ అంత సులువుగా కుదిరినప్పుడే ఎవరికైనా అనుమానం రావాలి. రాలేదు.

"ఏమిటీ చీకటి?" మాస్టారు గుమ్మంలో ఆగారు. "కింద ఏమిటీ తడి?"

"ఏం లేదు మాస్టారూ, నేల కడుగుతున్నాం," అన్నారు అత్తగారు.

"కాఫీతోనా?"

భర్త షట్టర్ పూర్తిగా ఎత్తాడు. వెలుతురు రాగానే జరిగిన ఘోరం మొత్తం కనిపించింది. మాస్టారు తన పాత షాపును కలయజూశారు.

"గొడవపడ్డారా?"

"అబ్బే!" అన్నారు ముగ్గురూ, ఒకే గొంతుతో.

"మరి ఇదెవరి పని? అది తేలేదాకా తాళంచెవి నా జేబు దాటదు. పొరపాటు చేసినవాళ్ళతో వేగగలను. దాచేవాళ్ళతో వేగలేను."

భార్య మెషీన్‌లోంచి ఫిల్టర్ బుట్టను బయటకు లాగింది. నానిన కాఫీ పొడి మీద ఒక కాగితం దుప్పటిలా కప్పి ఉంది.

భర్త కళ్ళు ఎర్రబడ్డాయి. మాస్టారు చూస్తున్నారని గుర్తొచ్చి పెదవులు నవ్వాయి. "ఇది నీదేనా, బంగారం?"

పెళ్ళయ్యాక అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. "కాదు, బంగారం," అంది ఆమె, పళ్ళ బిగువున.

"నాది," అన్నారు అత్తగారు. "స్టీలు పెట్టేసరికి అమ్మాయి మొహం చిన్నబోయింది. దానికీ తృప్తిగా ఉంటుందని పైన ఒకటి కప్పాను."

"కాగితం పొడి కింద ఉండాలి అత్తయ్యా!"

"కింద ఉంటే ఏం, పైన ఉంటే ఏం? కాగితం ఉందా, లేదా?"

భర్త స్టీలు ఫిల్టర్ పైకెత్తాడు. దాని కింద ఇంకో తెల్ల కాగితం.

"అది నాది," అని భార్యే ఒప్పుకుంది. "మాస్టారి పంటి కింద పొడి పడకూడదని. ఊరికే చూడకండి. మీరు పొడి రెండింతలు వెయ్యలేదూ?"

"స్టీలు పరువు నిలబడాలి కదా," అని గొణిగాడు భర్త.

"సరే, తేలిపోయింది!" మాస్టారు గబగబా అందుకున్నారు. "తలా ఒక చెయ్యి వేశారు. బుట్ట అవతల పారేసి నేల తుడవండి."

"ఒక్క నిమిషం మాస్టారూ." భార్య బుట్టను వెలుతురులోకి తిప్పింది. "ఈ రెండూ పల్చటి కాగితాలు. ఇన్ని నీళ్ళను ఇవి ఆపలేవు."

ఆమె వేళ్ళతో అడుగు తడిమింది. గోధుమ రంగు బుట్టకు అతుక్కుని, అదే రంగులో ఏదో ఉంది. లాగితే వచ్చింది. అట్టలాంటి దళసరి కాగితం. టైలర్లు కొలతలు గీసి కత్తిరించే రకం. అంచు చుట్టూ రంపపు పళ్ళలాంటి కత్తిరింపు. గోడకు ఇంకా వేలాడుతున్న పాత గుడ్డ శాంపిళ్ళ అంచులకూ అదే కత్తిరింపు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారు భుజం మీది టేపు సర్దుకున్నారు.

ముగ్గురికీ అర్థమైంది. నోరు తెరిచి ఆ పేరు చెబితే షాపు పోతుంది. చెప్పకపోతే దాచినట్టు. అప్పుడూ పోతుంది.

"అది కూడా నేనే పెట్టాను," అన్నారు అత్తగారు.

"నువ్వెక్కడ పెట్టావమ్మా? నేను పెట్టాను," అన్నాడు భర్త.

"మీరు ఊరుకోండి. కాగితం పార్టీ నాది. పెడితే నేనే పెట్టాలి."

"నా మాటకు ఎదురు చెప్పకు అమ్మాయ్! నేరం నాది!"

"ఎలా అవుతుంది అత్తయ్యా? ఒక కాగితం ఒప్పుకున్నారుగా, అది చాలు మీకు!"

"ఒరేయ్, నీ పెళ్ళాం నా నేరం లాక్కుంటోంది చూడు!"

గొంతులు వీధిలోకి వెళ్ళాయి. ఎదురు వరుసలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. పొద్దుటి నుంచి దాచిన గొడవంతా, మాస్టారి కళ్ళ ముందే, మాస్టారి కోసమే బయటపడింది.

మాస్టారు చాలాసేపు బిగబట్టారు. ఇక ఆగలేక పకపకా నవ్వారు. జేబులోంచి తాళంచెవి తీసి కౌంటర్ మీద, కాఫీ మడుగులోనే పెట్టేశారు.

"గొడవపడేవాళ్ళకు ఇవ్వనన్నాను," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "తప్పు నాదంటే నాదని గొడవపడేవాళ్ళ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. డాక్టర్ కాఫీ మానెయ్యమన్నాడమ్మా. నా వల్ల కాదన్నాను. అయితే నూనె దిగకుండా కాగితంలో వడకట్టి తాగమన్నాడు. నిన్న మెషీన్ బిగిస్తూ మీ ఆయనేమో, 'నూనెలోనే రుచంతా' అని నా దగ్గర ఒకటే పొగిడాడు. కాదంటే గొడవ నేనే మొదలుపెట్టినవాణ్ణవుతాననుకున్నాను. పొద్దున తలుపు తీసినప్పుడు ఇంట్లో ఏ కాగితం దొరికితే అది..."

"అంత చుట్టూ తిప్పకండి మాస్టారూ," అన్నారు అత్తగారు, నడుం మీద చెయ్యి వేసుకుని. "ఎవరి పనో తేలాలన్నారుగా. ఇంతకీ ఎవరి పని?"

మాస్టారు టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నారు. ఎదురు కిటికీల వైపు ఒకసారి చూశారు.

"నాదే," అన్నారు. "పైకి రండి, అందరం టీ తాగుదాం."