సర్కారు వారి ఊ

"యుద్ధవీరుల జ్ఞాపకాలకు చెదలు పట్టకుండా కాపాడుటకు ప్రభుత్వం కంకణం కట్టుకున్నది" అని మంత్రిగారు ప్రకటించిన వార్తను నేను మూడుసార్లు చదివాను. జ్ఞాపకాలకు చెదలు పడతాయని అంతవరకు నాకు తెలియదు. తెలిసిన రోజు నుంచి భయం పట్టుకుంది. ఇంత చిన్న మాటతో ప్రజలను మేల్కొలిపేవారిని దూరదృష్టి గలవారని ఊరికే అనరు.

అరవై అయిదులో పాకిస్తాను యుద్ధం ఆగిన నెల అది. తాలూకాకు ఒక పాత సిపాయిని మాట్లాడించి, ఆ మాటలను టేపు రికార్డరులో పట్టి, హైదరాబాదులో ఇనుప బీరువాలో దాచాలని పథకం. దేవరకొండ తాలూకా వీరుడిగా మా ఊరి కురుమ బీరప్పను ఎంపిక చేశారు. వేరే ఎవరూ దొరకలేదని గిట్టనివాళ్ళు అన్నారు.

బీరప్పా, నా తమ్ముడు ఐలేశమూ గొర్ల మందను వదిలి నిజాం పల్టనులో చేరి, జపాను వాళ్ళతో యుద్ధానికి మలయా పోయారు. బీరప్ప ఒక్కడే తిరిగొచ్చాడు. "ఐలేశం ఎనకొచ్చే ఓడల వస్తడు" అని నా మరదలు గోపమ్మతో చెప్పాడు. ఆ ఓడ పందొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉంది. గోపమ్మ కాలి మట్టెలు తీయలేదు. బీరప్ప ఆ మాట మీద ఇంకో మాట చెప్పలేదు.

రికార్డింగు దేవరకొండ డాకు బంగళాలో జరిగింది. కోస్తా నుంచి వచ్చిన స్పెషలాఫీసరుగారు గోడ గడియారం తీయించారు, పంకా ఆపించారు, బయట మేకలను తోలించారు. చీమ చిటుక్కుమన్నా టేపులో పడుతుందని అందరినీ హెచ్చరించి మీట నొక్కారు.

"మేం గొర్లు గాసుకుంట ఉంటిమి" అన్నాడు బీరప్ప. అని ఆగాడు.

టేపు తిరుగుతోంది. బీరప్ప ఆఫీసరుగారిని చూశాడు. ఆఫీసరుగారు బీరప్పను చూశారు.

"చెప్పవయ్యా!"

"మీరు ఊ అనుండ్రి దొరా."

"మేమెందుకు అనాలి?"

"ఊ కొట్టకుంటే కత ఎట్ల నడుస్తది? ఇనేటోడు మేల్కొనున్నడో, పండుకున్నడో నాకెట్ల ఎర్క? మంద కాడ మా తాతలకాడికెల్లి గంతే. ఊ ఆగిందంటే కత ఆగినట్టే."

ఆ విధంగా మొదటి టేపు చుట్ట నిండా స్వచ్ఛమైన నిశ్శబ్దం రికార్డయింది. రెండో చుట్టకు ఆఫీసరుగారు స్వయంగా ఊ అన్నారు. బీరప్ప తల అడ్డంగా ఊపాడు.

"గిది ఊ గాదు దొరా. పంటి నొప్పి మూల్గు. గా తలుపు కాడ అక్క నిలవడ్డది, గామెను పిలువుండ్రి."

ఆ అక్కను నేనే, బీరప్ప వెంట వచ్చాను. ఆఫీసరుగారు హైదరాబాదుకు ట్రంకాల్ చేశారు. మూడో రోజు ఆర్డరు వచ్చింది. ఊ కొట్టుటకు నన్ను తాత్కాలికంగా నియమించారు. నా ముందు వేరే మైకు పెట్టారు. దారిన పోయే ముసలిదాని గొంతును ఇంతగా గౌరవించిన ప్రభుత్వం మరొకటి లేదు.

ఊ కొట్టేవాళ్ళ ముందు కత మార్చి చెప్పకూడదని మందకాడి కట్టుబాటు. బీరప్ప దాన్ని తప్పలేదు. జపాను వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారన్నాడు. ఊ. మేం వానలో పడి ఉరికినమన్నాడు. ఊ. తెల్లదొర చెట్టు కింద కూచుని ఏడ్చిండన్నాడు. ఊ. జపానోళ్ళ జైలుల తొండలు కాల్చుకొని తిన్నమన్నాడు. ఊ. ఇట్లా పదకొండు ఊలు అయ్యాయి.

"ఐలేశానికి జెరమొచ్చింది. నా ఒళ్లె తలకాయ వెట్టి పాణమిడిసిండు. కప్పుదమంటే గొంగడి లేకపాయె. రబ్బరాకులు గప్పిన."

అని ఆగాడు. నేను అనకపోతే కత అక్కడే నిలబడిపోతుంది.

"ఊ" అన్నాను.

"గోపమ్మకు జెప్ప నోరు రాలె అక్కా. గీ టేపు డబ్బన్న జెప్పనీ."

నేనూ గోపమ్మకు చెప్పలేదు. "సర్కారోళ్ళు అందరికి ఇనిపిస్తరంట, నీ చెవులతోనే ఇను" అన్నాను. మన చేత కాని పనులు చేయడానికే కదా ప్రభుత్వం ఉన్నది.

ఆ చలికాలంలోనే బీరప్ప పోయాడు. రికార్డు భద్రంగా ఉంది కనుక ఎవరూ కంగారు పడలేదు.

నాలుగు నెలలకు దేవరకొండ బడి మైదానంలో సభ పెట్టారు. గోపమ్మ తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచిన చీర కట్టుకొని వచ్చి నా పక్కన కూచుంది. "వస్తడో రాడో, బీరన్న నోట ఒక్క మాట ఇంటే సాలు వదినా" అంది. అంతలో ఆఫీసరుగారు సంతోషంగా నా దగ్గరికి వచ్చారు.

"హైదరాబాదులో కమిటీ చాలా శ్రమపడిందమ్మా. ఉరికామన్నాడు, వీరులు ఉరకరు, కత్తిరించాం. తొండలు తిన్నామన్నాడు, ఆహార శాఖ ఒప్పుకోలేదు. దొర ఏడ్చాడన్నాడు, ఢిల్లీకి కోపం వస్తుంది. జపాను అన్నాడు, వాళ్ళు మనకు వరినాట్లు నేర్పుతున్నారు. చివర చావు కూడా పెట్టాడు. కుర్రాళ్ళు ఎవరైనా మిలిటరీలో చేరతారా?"

"మరి మిగిలిందేంది సారూ?"

"నువ్వు. నిన్ను ఆర్డరిచ్చి పెట్టుకున్నాం. నీ గొంతు ప్రభుత్వ రికార్డు. దాన్ని చెరిపే అధికారం మంత్రిగారికి కూడా లేదు. జాగ్రత్తగా అతికించాం."

గోపమ్మకు ఏం చెప్పాలో ఆలోచించుకునే లోపే మంత్రిగారు జ్ఞాపకశక్తి గురించి గంటన్నర మాట్లాడారు. తర్వాత నాలుగు దిక్కులా లౌడు స్పీకర్లు మోగాయి.

"ఊ."

"ఊ."

వెనక ఎవరో జాతీయ గీతమనుకొని లేచి నిలబడ్డారు. వారిని చూసి అందరూ లేచారు. మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు.

"బీరన్న ఇంక మొదలువెట్టలేదా వదినా?" అంది గోపమ్మ నా చెవిలో.

"ఇను" అన్నాను.

పదకొండు అయ్యాయి. పన్నెండోది వచ్చింది. గోపమ్మ నా ముంజేయి పట్టుకుంది.

"గీ ఊ ఏంది వదినా, గిట్లున్నది?"

నేను స్పీకరు వైపే చూస్తూ నిలబడ్డాను. ఆమె నా ముంజేయి వదిలింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇంత క్లుప్తంగా, ఇంత గంభీరంగా చరిత్ర చెప్పినవారు లేరని మంత్రిగారు మెచ్చుకున్నారు. వెంటనే రక్షణ నిధి పళ్ళెం పట్టుకొని తామే జనంలోకి దిగారు. మా వరుసకు వచ్చేసరికి గోపమ్మ కింద కూచుని ఉంది. మట్టెలు వేళ్ళకు పట్టుకుపోయాయి. ఉమ్ముతో తడిపి, తిప్పి తిప్పి రెండూ లాగింది. లేచి పళ్ళెంలో వేసింది.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఫోటో తీసేవాణ్ణి దగ్గరికి పిలిచి, గోపమ్మ తల మీద చేయి పెట్టారు.

"దీర్ఘ సుమంగళీ భవ!"

"ఊ" అంది గోపమ్మ.