రుమాలు చాటున కెమెరా బేరం

ఆదివారం పొద్దున్నే బోధన్ బస్సెక్కాలి, పదకొండింటికల్లా కెమెరా కొనుక్కోవాలి, భోజనాల వేళకు నిజామాబాదు తిరిగి వచ్చేయాలి. తుకారాం వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. బామ్మర్ది లింబయ్యను వెంట తీసుకెళ్ళకపోతే నిజంగానే ఏమీ చెడేది కాదు. కానీ అప్పుడు చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

తుకారాంకు నిజామాబాదులో పద్దెనిమిదేళ్ళుగా ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డుల ఫొటోలు, పెళ్ళిళ్ళు. వీటితోనే ఇల్లు గడిచింది. 2007 వచ్చేసరికి పెళ్ళివాళ్ళు గడప దాటుతూనే "డిజిటలేనా?" అని అడగడం మొదలుపెట్టారు. రీలు కెమెరా అని చెప్తే తెప్పించిన చాయ్ కూడా తాగకుండా లేచిపోయేవాళ్ళు. ఆ ఏడాది మాఘమాసం మొత్తంలో అతని చేతికి ఒక్క పెళ్ళీ తగల్లేదు.

అందుకే పది రోజుల కింద వర్ని దగ్గరి క్యాంపు నుంచి, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరి నుంచి, బ్రహ్మానందం అనే రైతు వచ్చి, "మా అమ్మాయి నాగకుమారి పెళ్ళండి, ఇంకో రెండు వారాల్లో, గురువారం నాడు. మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉందా?" అని అడిగినప్పుడు, తుకారాం నోరు అతన్ని అడక్కుండానే "ఉందండీ" అనేసింది. బ్రహ్మానందం సంతోషంగా చాయ్ తాగి, బయానా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ అబద్ధాన్ని గురువారం లోపల నిజం చేయాలి. చేయకపోతే ఈ పెళ్ళితో పాటు స్టూడియో కూడా పోయినట్టే. సంగతి విన్నాక అతని భార్య శ్యామలమ్మ, బీడీలు చుట్టీ చుట్టీ పోగైన పీఎఫ్ డబ్బు తీయించి, ఇరవై రెండు వేలు మొగుడి చేతిలో పెట్టింది. తుకారాం కళ్ళు తుడుచుకుని ఏదో ఒక మంచి మాట అందామనుకున్నాడు గానీ ఆమె అననివ్వలేదు.

"ఇగ ఏడ్వకు. నువ్వు మెత్తటి మనిషివి, అడిగినంత ఇచ్చొస్తవ్. మా తమ్మిని తోల్కపో" అంది.

ఇరవై రెండు వేలలో పెద్ద లెన్సున్న కొత్త డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా రాదు. మూడు నెలలుగా తుకారాం హైదరాబాదు నుంచి తెప్పించుకున్న కెమెరా ధరల కాగితాలు తిరగేసి తిరగేసి, వాటి మూలలు నలిపేశాడు. ఆ డబ్బుకు అగ్గిపెట్టెను కాస్త సాగదీసినట్టుండే చిన్న డిజిటల్ కెమెరాలు బోలెడు వస్తాయి. కానీ మండపంలో దాన్ని తీస్తే పెళ్ళికొడుకు తరఫువాళ్ళ దగ్గర అంతకన్నా మంచిదే ఉంటుంది. చివరికి కలర్ ల్యాబ్ దేవిదాస్ దారి చూపించాడు. బోధన్ అవతలి క్యాంపులో చెన్నకేశవరావు అనే ఆయన రెండేళ్ళు వాడిన ఎస్సెల్లార్ అమ్ముతున్నాడట. "పాతది కొనేటప్పుడు పైపై మెరుపు సూడకు అన్నా, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క అడుగు. దాని వయసు ఆ లెక్కలనే తెలుస్తది" అని కూడా చెప్పాడు.

బస్సులో ఈ మాట చెప్పగానే లింబయ్య ముఖం వికసించింది. "అంటే పండ్లు లెక్కవెట్టుడే గద బావా!"

లింబయ్య పశువుల అంగడిలో బేరగాడు. ఇరవై ఏళ్ళుగా ఎద్దుల నోళ్ళు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్తున్నాడు. అమ్మేవాడి చేయీ తన చేయీ రుమాలు కింద పెట్టి, వేళ్ళు నొక్కుతూ ధర తెగ్గొడతాడు. పక్కన నిల్చున్నవాళ్ళకు ఆ ధర ఎంతో ఎప్పటికీ తెలియదు. అతను నమ్మిన సూత్రం ఒక్కటే, మనకు అవసరమున్నట్టు అమ్మేవాడికి తెలియకూడదు.

"నువ్వు నోరు తెరవకు బావా. కెమెరా దిక్కు సూడనే సూడకు. కండ్లల్ల ఆశ కనవడ్డదనుకో, రేటు ఆడ్నే కూసుంటది" అని హెచ్చరించాడు.

చెన్నకేశవరావు ఇల్లు కాలవగట్టు పక్కనే ఉంది. ఆయన నలభై దాటిన మనిషి, మాట మెత్తన. మజ్జిగ ఇప్పించి, కెమెరా తెచ్చి వరండాలో స్టూలు మీద పెట్టాడు. తుకారాం మాట తప్పకుండా తల పైకెత్తి దూలం మీది పిచ్చుక గూడునే చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలలుగా కలలోకి వస్తున్న వస్తువు మూరెడు దూరంలో ఉంటే గూడులోని గడ్డిపోచలు లెక్కపెట్టడం ఎంత కష్టమో అతనికే తెలుసు.

లింబయ్య కెమెరా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఒంగి చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు. "ఎన్నిసార్లు కొట్టింది సార్ ఇది?" అన్నాడు.

"తొమ్మిది వేల చిల్లరండి. మొన్న కంప్యూటర్లో పెట్టి చూశాను."

తుకారాం పిచ్చుక గూడు వైపు చూస్తూనే మజ్జిగ మింగడం మర్చిపోయాడు. తొమ్మిది వేలంటే ఇంకా లేగదూడ.

"శానా కొట్టింది" అని లింబయ్య పెదవి విరిచి, భుజం మీది రుమాలు తీసి చేయి చాచాడు. చెన్నకేశవరావు నవ్వాడు. "ఎడ్లు కొన్న రోజులు గుర్తు చేశారండీ" అంటూ రుమాలు కింద చేయి పెట్టాడు.

ఇక వరండాలో మాట లేదు. డబ్బు తుకారాంది, అవసరం తుకారాంది, ధర ఒక్కటే అతనికి తెలియదు. రుమాలు కదులుతోంది. చెన్నకేశవరావు ముఖం ఒక్కో నొక్కుకూ కొంచెం వాడుతోంది. లింబయ్య ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతున్నాడు. నాలుగుసార్లు ఊపాక చేయి వెనక్కి తీసుకుని, బావ చెవి దగ్గరికి వంగాడు.

"ఏందో ఐబున్నది బావా. నేను అడగకముందే దిగుతున్నడు. మంచి ఎద్దును ఎవడన్న గింత జల్ది ఇస్తడా?"

"ఎంతకు దిగిండు?" అన్నాడు తుకారాం ఆత్రంగా.

"బేరం నడుమ చెప్పొద్దు" అని లింబయ్య మళ్ళీ చెన్నకేశవరావు వైపు తిరిగాడు. "ఎందుకు అమ్ముతున్నరు సార్?"

చెన్నకేశవరావు ఇబ్బందిగా కదిలాడు. "ఊరికేనండి. ఈ గురువారం లోపల ఇల్లు దాటితే చాలు."

ఎందుకమ్ముతున్నావంటే చూపులు తప్పించేవాణ్ణి అంగడిలో ఎవరూ నమ్మరు. దెబ్బ మీద దెబ్బ కొట్టే సమయం వచ్చిందనుకున్నాడు లింబయ్య. రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అసలు మాకు అక్కెరనే లేదు సార్. మా బావకు ఇందూర్ల స్టూడియో ఉన్నది. డిజిటల్ కెమెరాలు రెండున్నయ్. గవ్వే మూలకున్నయ్. పెండ్లిండ్లు పట్టుడు బందు వెట్టిండు గద."

చెన్నకేశవరావు ఉలిక్కిపడ్డాడు. "నిజామాబాదులో ఏ స్టూడియో అండీ?"

"తుకారాం ఫొటో స్టూడియో. ఎవల్నన్న అడుగు, చెప్తరు" అన్నాడు లింబయ్య గర్వంగా.

"తుకారాం గారంటే మీరేనా? గురువారం పెళ్ళి మా మేనకోడలిదేనండీ! బ్రహ్మానందం మా బావ. మీరే తీస్తున్నారని చెప్పాడే!"

తుకారాం గూడు మీదనుంచి చూపు తిప్పి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి మాట వచ్చేలోగా, బేరం చేతిలోంచి జారిపోతుందన్న భయంతో లింబయ్య అందుకున్నాడు. "పట్టడు సార్! పెండ్లి లేదు గిండ్లి లేదు. కాళ్ళు మొక్కినా పట్టడు."

చెన్నకేశవరావు లేచాడు. కెమెరా సంచిలో పెట్టి, లోపలికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం తిప్పాడు. ఆ చప్పుడు వరండా దాకా వినిపించింది. తిరిగి వచ్చి, చచ్చిన గొంతుతో, "అయితే ఇక అమ్మనండి. ఏ రేటుకీ అమ్మను" అన్నాడు. ఫోనందుకుని, "బావా, నీ ఫొటోగ్రాఫర్ రాడంట. అవును, ఇక్కడే ఉన్నాడు. కాళ్ళు మొక్కినా రాడంట" అని చెప్పేశాడు.

ఇరవై ఏళ్ళలో లింబయ్య బేరం ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు. కొనేవాడికి అక్కర్లేదని అమ్మేవాడు పూర్తిగా నమ్మాడు.

"కొంప ముంచితివి గద లింబయ్యా" అన్నాడు తుకారాం నీరసంగా. జేబులో ఉన్న శ్యామలమ్మ డబ్బును పైనుంచి తడుముకున్నాడు.

పావుగంటలో బ్రహ్మానందం భార్య నాగేంద్రమ్మను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వచ్చి దిగాడు. నాగేంద్రమ్మ చెన్నకేశవరావుకు అక్క. ఆమె వస్తూ వస్తూనే, "పోనీండి, ఈ బయటివాళ్ళను నమ్ముకోవడం దేనికి? మా తమ్ముడే తీస్తాడు. ఎప్పుడూ వాడే కదా తీసేది" అంది. తమ్ముడు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

బ్రహ్మానందం మాత్రం తుకారాం ముందుకు కుర్చీ లాక్కున్నాడు. "బయానా తీసుకుని ఇదేం మాటండీ? మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉందన్నారు కదా?"

"రెండున్నయ్" అన్నాడు లింబయ్య.

"రెండుంటే మూడోది కొనడానికి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

లింబయ్య మొదటిసారి నోరు మూసుకున్నాడు. ఆ సందు దొరికిందే చాలని తుకారాం లేచి చేతులు జోడించాడు.

"ఒక్కటి గూడ లేదు సార్. మీకు అబద్ధం చెప్పిన. రీలు కెమెరా అంటే ఎవలూ చాయ్ తాగెదాకన్న కూసుంటలేరు. గందుకే నోరు జారిన. మీ పెండ్లి తియ్యాల్నని మా ఇంటామె బీడీల పీఎఫ్ తీసి ఇచ్చింది. ఇగో, పైసలు. గీ కెమెరా కోసమే వచ్చిన. మా బామ్మర్దిది బేరం చేసే తరీక గట్లుంటది, మనసుల ఏం లేదు. మీరు వద్దంటే బయానా వాపస్ ఇస్త."

ముందు కదిలింది చెన్నకేశవరావు. తుకారాం రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"మీకు కెమెరా లేదా? నిజంగా లేదా? అంటే పెళ్ళి తీస్తారన్నమాటే కదా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, నేను చెప్పలేదు గానీ, అందుకే దీన్ని అమ్మేస్తున్నాను. బయటి మనిషిని పెట్టినా, కెమెరా ఇంట్లో ఉంటే గురువారం కూడా నన్నే తీయమంటారు. ఈయన రాడన్నాక ఇక నాకు తప్పదనే బీరువాకు తాళం వేశాను. పదకొండేళ్ళుగా మనింట్లో ఏ శుభకార్యమైనా నేనే తీస్తున్నాను. తీసి తీసి ఆఖరి బంతిలో చల్లారిన పప్పు తింటున్నాను. మన ఆల్బములన్నీ వెతుకు, నేనెక్కడన్నా ఉన్నానేమో! నాగకుమారిని ఎత్తుకుని పెంచాను. దాని పెళ్ళిలోనన్నా పక్కన నిలబడనివ్వవా?"

నాగేంద్రమ్మ తమ్ముడి వైపు వింతగా చూసింది. కానీ ఆమె అంత తేలిగ్గా కరిగే మనిషి కాదు. "అబద్ధం చెప్పిన మనిషికి పనితనం ఉందో లేదో తెలియాలిగా. కెమెరా ఇవ్వు. ముందు మమ్మల్ని ఒక ఫొటో తీయమను" అంది.

బీరువా తెరుచుకుంది. తుకారాం కెమెరాను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాడు. వెలుతురు చూసి ముగ్గుర్నీ వరండా అంచుకు జరిపాడు. చెన్నకేశవరావు అలవాటు కొద్దీ పక్కకు తప్పుకోబోతే, పిలిచి మధ్యలో నిలబెట్టాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నవ్వేశాడు. తుకారాం ఒక్కసారి నొక్కాడు. నొక్కి, రీలు తిప్పడానికి బొటనవేలు చాచాడు. అక్కడ తిప్పడానికి ఏమీ లేదు. వేలు నున్నటి ప్లాస్టిక్ మీద జారి ఊరుకుంది.

వెనక తెర మీద బొమ్మ వచ్చింది. నాగేంద్రమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"తమ్ముడూ, నీ జుట్టు ఇంతగా ఎప్పుడు నెరిసిందిరా?" అంది.

రోజూ కనిపించే మనిషే. అయినా ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తుకారాం వైపు తిరిగి, "గురువారం పొద్దున ఆరింటికల్లా రండి. మీ ఇంటావిడను కూడా తీసుకురండి. ఆవిడ డబ్బుతో కొన్న కెమెరా పని ఆవిడ చూడొద్దూ!" అంది. తుకారాంకు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. బ్రహ్మానందం స్కూటరు తాళంచెవి తిప్పుకుంటూ, "ముందే చెప్తే పోయేది కదయ్యా" అని గొణిగి, చెప్తే తనూ చాయ్ ముట్టకుండా లేచిపోయేవాడేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

ఇక ధర సంగతి మిగిలింది. "మీకు తోచింది ఇవ్వండి" అన్నాడు చెన్నకేశవరావు. లింబయ్య మళ్ళీ రుమాలు పరిచాడు. ఈసారి రుమాలు ఒక్కసారే కదిలింది. చెన్నకేశవరావు "అయ్యో, వద్దండీ, మీరు పెంచుతున్నారు" అని చేయి లాక్కోబోయాడు. లింబయ్య వదల్లేదు. అంతా అయ్యాక డబ్బు లెక్కపెట్టి ఇస్తే, ఒక ఫ్లాషుకూ రెండు మెమరీ కార్డులకూ సరిపడా తుకారాం జేబులోనే మిగిలింది.

తిరుగు బస్సులో తుకారాం కెమెరాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ అవతల చెరకు తోటలు పోతున్నాయి. శ్యామలమ్మకు ఏమని చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తన జీవితంలో ఇంతమంది ఒకే రోజున మేలు చేయడం అతనికి గుర్తు లేదు. ఆ జాబితాలో బామ్మర్దిని కూడా చేర్చక తప్పలేదు.

"మంచోనివి లింబయ్యా" అన్నాడు.

లింబయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కొనేటోడే రేటు పెంచిండని ఎవలకూ చెప్పకు బావా. అంగడిల నా ఇజ్జత్ పోతది."

గురువారం పెళ్ళి దివ్యంగా జరిగింది. చెన్నకేశవరావు ఇస్త్రీ పంచె కట్టుకుని మొదటి బంతిలో భోంచేశాడు. ఫొటోలో సరిగ్గా పడ్డాడో లేదోనన్న అనుమానంతో రెండో బంతిలోనూ కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళలో ఇద్దరు తుకారాం దగ్గరికి వచ్చి అడ్రసు రాసుకుని వెళ్ళారు. శ్యామలమ్మ ఓ కుర్చీలో కూర్చుని, మొగుడు కెమెరా ఎత్తిన ప్రతిసారీ తనే తీస్తున్నంత శ్రద్ధగా చూసింది.

నెల తర్వాత ఆల్బం అందింది. అందులో పెళ్ళికొడుకు తొంభై నాలుగు ఫొటోల్లో ఉన్నాడు, చెన్నకేశవరావు నూట పన్నెండు ఫొటోల్లో ఉన్నాడు.