చెనక్కాయ పొట్టు రంగు భవిష్యత్తు

"ఇంతకాలం మన రికార్డులకు గతం మాత్రమే ఉండేది. ఈ రోజు నుంచి వాటికి భవిష్యత్తు కూడా ఇస్తున్నాం!"

పెనుకొండ రికార్డు రూము ముందర వేసిన షామియానా కింద చైర్మన్ సాయినాథ్ ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది ఆయన బామ్మర్ది. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, ఈ మూడు ఊళ్ల పుట్టుకలు, చావులు, ఇళ్ల కొలతలు, కొళాయి అర్జీలు అన్నీ ఆ ఒక్క గదిలోనే ఉంటాయి. అందుకే దానికి మూడు పట్టణాల ఉమ్మడి ప్రజా రికార్డుల సేవాసంస్థ అని అంత పొడుగు పేరు. దాన్ని సాయినాథ్ చేతికి ప్రభుత్వం ఊరికే అప్పగించలేదు. పార్టీ సభలకు షామియానాలు వేయించడంలో ఆయనకు పన్నెండేళ్ల అనుభవం ఉంది.

అటెండరు సోమక్క తలుపు పక్కన నిలబడి అంతా వింది. ఇరవై రెండేళ్లుగా ఆ గది తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. ఇన్నేళ్లలో ఏ కాగితమూ ఆమెను భవిష్యత్తు అడగలేదు. అయినా చైర్మన్ గారు తనవైపే చూస్తున్నారని తనూ రెండు చప్పట్లు కొట్టింది.

మరునాడే బెంగళూరు నుంచి కన్సల్టెంటు వేణుమాధవ్ దిగాడు. రెండు లాప్‌టాపులు తెచ్చాడు. ఒకటి పని చేయడానికి, రెండోది టేబుల్ మీద పెట్టడానికి.

"ఇక్కడ ఏదైనా కాగితం కావాలంటే ఎలా వెతుకుతారండీ?" అని అడిగాడు.

"వెతికేదేముండాది సార్, తీసేదే," అంది సోమక్క.

గదిలో పదకొండు వేల కట్టలు. ఒకప్పుడు ప్రభుత్వం వాటిని కట్టడానికి ఎర్రగుడ్డ పంపేది. ఏదో ఒక ఏడాది అది ఆగిపోయింది. అప్పటి రికార్డు కీపరు గంగాధరప్ప ధర్మవరం పోయి, నేతలో తప్పు పడిన పట్టు ముక్కలు అడుక్కొచ్చి, పాతవీ కొత్తవీ అన్ని కట్టలకూ చుట్టాడు. ఒక్కో ఏడాదికి, ఒక్కో రకానికి ఒక్కో అంచు. మీద అంటించిన చీటీలను పురుగు తినేసింది. పట్టు జోలికి మాత్రం పోలేదు.

"మామిడి పిందెల అంచు అరవై ఎనిమిది ధర్మవరం ఇళ్లు సార్. రుద్రాక్షంచు అరవై తొమ్మిది. హంసలంచు హిందూపురం పుట్టినోళ్లు. జరీ లేకుండా బోసిగా ఉండేవి చచ్చిపోయినోళ్లు."

"ఇదంతా ఎక్కడ రాసి ఉంది?"

"చీర మీదనే ఉండాది కదా సార్."

వేణుమాధవ్ లాప్‌టాపులో 'పాత పద్ధతి, వస్త్ర ఆధారితం, విస్తరణకు పనికిరాదు' అని కొట్టుకున్నాడు. సాయినాథ్ మాత్రం కన్సల్టెంటు కంటే లోతుగా చూశారు. అది ఆయన గొప్పతనం. గుమ్మంలో నిలబడి, కళ్లు చికిలించి, "ఒక్క కట్టకూ ఇంకో కట్టకూ మ్యాచింగ్ లేదు. మంత్రిగారు వస్తే ఏమనుకుంటారు?" అన్నారు. భవిష్యత్ ప్రణాళికలో మొదటి పేజీ అక్కడికక్కడే తయారైపోయింది. అన్ని కట్టలకూ ఒకటే రంగు గుడ్డ.

ఏ రంగు? దీనికోసం హిందూపురంలో మూడు మీటింగులు జరిగాయి. పసుపు అంటే ఒక పార్టీది. నీలం ఇంకో పార్టీది. ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ ఏది పట్టుకున్నా ఎవరో ఒకరి జెండా ఎగురుతోంది. తెలుపు పెడదామంటే చావింటి గుర్తు అని బామ్మర్ది ఒప్పుకోలేదు. మూడో మీటింగులో అందరూ చెనక్కాయలు వలుచుకు తింటుండగా సాయినాథ్ గారు చేతిలోని పొట్టువైపు చూసి ఆగిపోయారు.

"ఈ రంగు ఎవరిదప్పా?"

ఎవరిదీ కాదు. ఏకగ్రీవంగా తీర్మానించారు.

బుధవారం పొద్దున ఇరవై మంది కూలీలు గదిలోకి దిగి పట్టు విప్పుతూ, చెనక్కాయ పొట్టు రంగు గుడ్డ చుడుతూ పోతుంటే, ధర్మవరం బస్సులో వెంకటసుబ్బమ్మ వచ్చింది. మగ్గం నేసే ముసలమ్మ. గుమ్మంలోనే కూలబడింది.

"సోమక్కా, మా గోడకు ఎర్రగుర్తు పెట్టినారమ్మా. రోడ్డు వెడల్పు చేస్తారంట. అరవై ఎనిమిది నాటికే కట్టిండే ఇల్లని కాగితం చూపిస్తే గుర్తు చెరిపేస్తారంట. సోమారం జేసీబీ వస్తాది. మగ్గం గుంత ఆ గోడ పక్కనే ఉండాది. సగం నేసిన చీర దాని మీదనే ఉండాది."

"దానికేమవ్వా, నిమిషం పని. మామిడి పిందెలంచు," అని సోమక్క లేవబోయింది.

"ఆ అంచు మా అత్త నేసిందే," అంది అవ్వ.

సాయినాథ్ అడ్డం వచ్చారు. "ఏమ్మా సోమక్కా, యాడికి పోతాండావు? ప్రణాళిక నడుస్తా ఉంటే కాపీలు ఇచ్చేది లేదు."

"సోమారం లోపల కావల్లంట సార్ ఆమెకు."

"చూడవ్వా," అన్నారాయన ఎంతో ఓపికగా. "నీ కష్టం ఇప్పటిది. ఈ ఆఫీసులో ఇప్పుడు జరుగుతాండేది రేపటి పని. ఇప్పటి పనులు చూసే సెక్షనే మాకు లేదు. నీకు టోకెన్ ఇస్తాం."

అవ్వకు ఒకటో నంబరు టోకెన్ ఇచ్చి ఫొటో తీసుకున్నారు. భవిష్యత్తులో తొలి లబ్ధిదారు ఆమేనని చెప్పారు. ఆమె పోయేదాకా ఆగి సోమక్క లోపలికి పరుగెత్తింది. అప్పటికే అరవై ఎనిమిది వరస అయిపోయింది. పైగా కూలీలు చూడ్డానికి బాగుంటుందని కట్టలను సైజుల వారీగా పేర్చారు. పెద్దవి కింద, చిన్నవి పైన. పదకొండు వేల చెనక్కాయల్లాగా అన్నీ ఒకే తీరుగా ఆమెవైపు చూశాయి. విప్పిన పట్టుముక్కలు ఏమయ్యాయో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

శనివారం ప్రణాళిక చూడ్డానికి మంత్రిగారు వచ్చినప్పుడు తెలిసింది. స్టేజీ చుట్టూ తోరణాలుగా కట్టారు. ఆయన ప్రసంగిస్తున్నంతసేపూ సోమక్క తోరణాలనే చదువుతూ నిలబడింది. రుద్రాక్షలు మెట్ల దగ్గర. హంసలు కుర్చీలకు. మామిడి పిందెలు మైకు కర్రకు. స్టేజీ వెనకాల ఫ్లెక్సీలో రాసుంది: 'మూడు నిమిషాల్లో ఏ రికార్డైనా!'

టోకెన్ పట్టుకుని వెంకటసుబ్బమ్మ ముందు వరసలోకి వచ్చింది. మంత్రిగారు దయగలవారు. కెమెరాలు ఉన్నచోట మరీ.

"ఏమవ్వా, ఏం గావల్ల?"

"నా ఇంటి కాగితం నాయనా. అరవై ఎనిమిదిది."

"ఇవ్వండప్పా. మూడు నిమిషాలని రాసినారు కదా," అని మంత్రిగారు వాచీ చూసుకున్నారు.

సాయినాథ్ సోమక్కను గదిలోకి లాక్కుపోయారు. చెమటకు ఆయన చొక్కా చెనక్కాయ పొట్టు కంటే ముదురు రంగుకు మారిపోయింది.

"యాడుంది?"

"మైకుకు కట్టిండారు సార్."

"కాగితం అడుగుతాండానమ్మా!"

"గుడ్డ విప్పినాక నాకెట్ల తెలుస్తాది సార్? ఒక్కో కట్ట విప్పి చూడల్ల. ఆరు నెలలు పడుతాది."

"ఏదో ఒకటి తీయి."

"తప్పు కాగితమైతే?"

"మంత్రిగారు చేత్తో ఇచ్చేది తప్పెట్లయితాది?"

చేతికందిన కట్ట విప్పి పైకాగితం తీశారు. భవిష్యత్ ప్రణాళిక కోసం తెచ్చిన బంగారు రంగు ఫ్రేములోంచి ప్రణాళికను లాగేసి, ఆ కాగితం పెట్టి, మంత్రిగారి చేతికిచ్చారు. ఆయన అవ్వ చేతికిచ్చారు. రెండు నిమిషాల యాభై సెకన్లు. చప్పట్లు ఆగడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

అవ్వకు చదువు రాదు. సోమక్కకు వచ్చు. బస్టాండుదాకా తోడుపోయి, బస్సు ఎక్కే ముందు చెప్పక తప్పలేదు.

"అవ్వా, ఇది నీ ఇంటి కాగితం కాదు. పొలంలో పడి మేసిన ఒక ఎనుమును బందెలదొడ్లోనుంచి వదిలిపెట్టినట్టు రాసిండారు. డెబ్బై నాలుగుది."

అవ్వ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మాకెప్పుడూ ఎనుము లేదే సోమక్కా."

ఆదివారమంతా సోమక్క గదిలో కూర్చుని రెండువందల పద్నాలుగు కట్టలు విప్పింది. హిందూపురంలో పుట్టినవాళ్లు చాలామంది దొరికారు. ఇల్లు దొరకలేదు. సోమవారం సెలవుచీటీ రాసిపెట్టి, నోటితోనైనా సాక్ష్యం చెబుదామని తొలి బస్సుకే ధర్మవరం పోయింది.

జేసీబీ అప్పటికే వీధిలో ఉంది. దాని ముందు సర్వేయరు హరీష్. "ఏమవ్వా, కాగితం ఉండాదా?"

అవ్వ ఫ్రేము తెచ్చింది. దాంతోపాటు ఆదివారం పేపరు కూడా తెచ్చింది. మొదటి పేజీలో అదే ఫ్రేము. ఒకవైపు అవ్వ, ఒకవైపు మంత్రిగారు. ఆయన పళ్లన్నీ కనిపిస్తున్నాయి. హరీష్ ఫొటో వైపు చూశాడు. ఫ్రేము వైపు చూశాడు. మళ్లీ ఫొటో వైపు చూశాడు.

"సార్, అది..." అని సోమక్క ఏదో అనబోయింది. అవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లోపల ఏం రాసుందో చదవరా సార్?" అని జేసీబీ డ్రైవరు అడిగాడు.

"మంత్రిగారు నవ్వుతా ఇచ్చినారు కదప్పా. ఇంక చదివేదేముండాది?" అని హరీష్ చెప్పులు విడిచి, గుడ్డ తడిపి, ఎర్రగుర్తును తన చేత్తోనే తుడిచాడు. పోతూపోతూ ఫ్రేముకు నమస్కారం పెట్టాడు. లోపల మగ్గం మళ్లీ టకటకలాడింది.

రోడ్డు మాత్రం వెడల్పు కావల్సిందే కదా.

మంగళవారం సోమక్క పెనుకొండకు వచ్చేసరికి రికార్డు రూము ముందు హైవేదాకా క్యూ ఉంది. ఇరవై రెండేళ్లలో అంత జనాన్ని ఆమె చూడలేదు. సాయినాథ్ ఉబ్బితబ్బిబ్బవుతూ, ప్రజలకు రికార్డుల మీద ఇంత ప్రేమ పుట్టించడమే ప్రణాళిక విజయమని విలేకరులకు చెబుతున్నారు.

క్యూలో మొదట నిలబడ్డది గంగప్ప. వెంకటసుబ్బమ్మకు ఎదురింటాయన. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. సోమక్క తీసి చూసింది. అరవై ఎనిమిది. ఇల్లు, కొలతలు, హద్దులు, సీలు. కింద 'సరిచూడబడినది' అన్నది తన చేతిరాతే. పోయిన ఏడాది తనే తీసిచ్చింది.

"కాగితం సరిగ్గానే ఉండాది కదప్పా?" అంది.

"సరిగ్గానే ఉండాదక్కా. చూపించినా. ఆ సర్వేయరప్ప మొత్తం చదివినాడు కూడా." గంగప్ప గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రమే మా గోడకు ఎర్రగుర్తు పెట్టిపోయినారు. మంత్రిగారు మళ్లీ ఎప్పుడొస్తారో చెప్తావా?"