విడతల వారీగా ఇల్లు

ఆదివారం పొద్దున్నే లారీ వచ్చింది. మధ్యాహ్నానికల్లా పాతింటి తాళాలు ఓనరావిడ చేతిలో పెట్టాలి. కొత్తగా అద్దెకి దిగేవాళ్ళు చంటిపిల్లతో వస్తున్నారు. ఉన్న సామాను ఒక్క లోడు. ఎవరైనా ఏం చేస్తారు, ఎక్కించి పంపించేస్తారు. కానీ ఇక్కడ ఇల్లు మారుతున్నాయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరు.

"అంతా ఒకేసారి మోస్తే తప్పులు చివర్లో బయటపడతాయి. మా ఆఫీసులోలా అజైల్ పద్ధతిలో, విడతల వారీగా వెళ్దాం. ఒక్కో చిన్న విడతా ఒక స్ప్రింట్. ప్రతి ట్రిప్పుకీ కొత్తిల్లు ఎంతోకొంత వాడుకునేలా తయారవ్వాలి. నువ్వు కస్టమరువి. అక్కడ కూర్చుని ఎలా ఉందో చెబుతుండు," అన్నాడు భార్యతో.

"మధ్యాహ్నానికి ఖాళీ చేస్తామని ఓనరావిడకి నేను మాటిచ్చానండీ."

"అందుకేగా ఈ పద్ధతి."

ఆఫీసులో రోజూ టీముతో చేసినట్టే హమాలీలని గుండ్రంగా నిలబెట్టి, నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమిటి అని అడిగాడు. వాళ్ళ మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "నిన్న బీరువాలు మోశాం సార్. ఇవాళా అవే మోస్తాం. అడ్డంకంటారా, మీరు గుమ్మంలోంచి కాస్త జరగాలి."

మొదటి ట్రిప్పులో గదికొక వస్తువు వెళ్ళింది. ఒక కుర్చీ, ఒక దిండు, గ్యాస్ పొయ్యి, సగం మంచం. భార్య ఫోన్ చేసింది. "సిలిండరు లేని పొయ్యి నేనేం చేసుకోను? మంచానికి కాళ్ళేవి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, ఫీడ్‌బ్యాక్ ఎంత తొందరగా వచ్చిందో."

రెండో ట్రిప్పులో సిలిండరు, మంచం కాళ్ళతో పాటు బీరువా కూడా వెళ్ళింది. అది తలుపుకి అడ్డమొస్తోందని ఆవిడ అందో లేదో, బీరువాని వెనక్కి రప్పించాడు. పక్కకి జరిపితే చాలని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకునేసరికి లారీ సగం దారిలో ఉంది.

ఇంతలో కొత్తవాళ్ళ లారీ వచ్చి గేటు ముందు ఆగింది. చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. ఓనరావిడ ఫోన్ చేసి, "ఏమ్మా, మాటంటే ఇదేనా?" అని అడిగింది. భార్యకి తల కొట్టేసినట్టయింది. ఉన్నపళంగా పాతింటికి వచ్చి వాలింది.

"ఆలస్యం ఎందుకైందో ముందు రివ్యూ చేసుకోవాలి," అన్నాడాయన.

"చేసుకోండి. ఇక్కడంతా గోల. మేడ మీదైతే ప్రశాంతంగా ఉంటుంది," అంది. సాయానికొచ్చిన తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "ఒరేయ్, బావతో వెళ్ళు. నేను పిలిచేదాకా కిందికి రానివ్వకు. ఆయన ఏం చెప్పినా ఎందుకని అడుగు," అంది.

బావమరిది చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. మేడ మీద అతను ఎందుకని అడుగుతూనే ఉన్నాడు, ఆయన చెబుతూనే ఉన్నాడు. కింద బీరువాతో తిరిగొచ్చిన లారీలోనే మిగతా సామానంతా ఎక్కి వెళ్ళిపోయింది. ఇల్లు ఊడ్చి తాళాలిచ్చేశారు. చంటిపిల్ల లోపల నిద్రపోయింది.

ఆయన దిగొచ్చి చూస్తే ఇంట్లో ఎవరిదో సామాను. మొహం మళ్ళీ వెలిగిపోయింది. కూలి డబ్బుల కోసం ఆగిన మేస్త్రీని అడిగాడు. "ఈ స్ప్రింట్ ఇంత బాగా ఎలా జరిగిందంటావు?"

"మీరు మేడ మీద ఉన్నారు కద్సార్."

సోమవారం ఆఫీసులో ఈ కథంతా, మేస్త్రీ మాటతో సహా, అజైల్ విజయం కింద టీముకి చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విని, సాయంత్రానికల్లా పై అంతస్తులో ఆయనకి విడిగా ఒక గది చూశారు.