ఖాళీ పెట్టెల క్రిస్మస్

రేడియో లోపల ఏమీ లేకపోతేనే దేశానికి మంచిది!

ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. ఏడో తరగతితో బడికి దండం పెట్టి, అరకు బజారులో ఇరవై తొమ్మిదేళ్లుగా రేడియోలు విప్పి బిగించిన మనిషి. రేడియో కడుపులో ఏముంటుందో నాకు తెలిసినంత దాన్ని కన్న కంపెనీకి కూడా తెలియదు. అందుకే చెబుతున్నాను, ఉన్నదంతా పీకెయ్యండి. పెట్టెని మాత్రం తుడిచి, పాలిష్ కొట్టి, పూలకుండీ పక్కన పెట్టుకోండి. ప్రాణానికి సుఖం.

నమ్మకం కుదరడం లేదా? అయితే మా రిసార్టుకి రండి. మాది అంటే నాది కాదు లెండి. పేరెందుకు, బయట వెదురు గేటూ లోపల పాలరాతి స్నానాల గదీ ఉన్నవన్నీ ఒకటే. ఈ డిసెంబరులో వాళ్లు ‘వింటేజ్ రేడియో క్రిస్మస్’ అని ఒక ప్యాకేజీ పెట్టారు. చలిమంట, బొంగు చికెన్, నెత్తిన ఎర్ర టోపీ, చుట్టూ పదకొండు పాతకాలపు రేడియోలు, వాటిలోంచి పాతకాలపు అపరాధ పరిశోధన నాటకం. తలుపు కిర్రుమంటుంది. గడియారం పన్నెండు కొడుతుంది. ఎవరో కెవ్వుమంటారు. అప్పుడు డిటెక్టివ్ వచ్చి గొంతు సవరించుకుంటాడు. ఆ దగ్గు వినడానికే హైదరాబాదు నుంచి జనం కార్లేసుకుని వస్తున్నారట.

ఆ పదకొండు రేడియోల్లోనూ రేడియో లేదు. ఒక్కొక్క దాంట్లో అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు ఉంది. నాటకం మేనేజరు జేబులోని ఫోన్లో ఉంది. ఇందులో తప్పేముంది?

పాత పద్ధతిలో ఎన్ని అవస్థలో మీరు మరిచిపోయారు. హత్య ఇవాళ జరిగితే శవాన్ని తరవాతి భాగం దాకా మనమే కాపలా కాయాలి. స్టేషను జారిపోతే ఒకడు ఏరియల్ తీగ పట్టుకుని గోడెక్కి నిలబడాలి. వాడికి నాటకం వినపడదు, మనకి వాడి సణుగుడు తప్ప వినపడదు. పక్కింటివాళ్లు పిలవకుండా వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకి కాఫీ పొయ్యాలి. పోశాక నోరు మూసుకోవాలి. అన్నిటికన్నా ఘోరం, హంతకుడెవరో ఆఖరి దాకా తెలిసేది కాదు. ఇంటిల్లిపాదికీ ఎందుకండీ అంత శిక్ష?

ఇప్పుడు ఎంత హాయో స్పీకర్లు బిగించడానికి వెళ్లిన సాయంత్రం కళ్లారా చూశాను. నాటకం మొదలైన అయిదు నిమిషాలకి ఒకాయన “స్లోగా ఉంది, స్పీడ్ పెంచండి” అన్నాడు. మేనేజరు ఒకటిన్నర రెట్లు పెంచాడు. అప్పటిదాకా ఆచితూచి మాట్లాడిన డిటెక్టివు, వెనక కుక్కలు తరుముతున్నవాడిలా ప్రశ్నలు వేశాడు. భర్తని పోగొట్టుకున్న ఇల్లాలి ఏడుపు గుడ్డు పెట్టిన కోడి అరుపులా వినిపించింది. పావుగంటలో మూడు శవాలు లేచాయి. సరిగ్గా “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు, అతను...” అన్నచోట పళ్లపేస్టు ప్రకటన వచ్చింది.

ఎంత ఉపకారం! ఎంతటి గుండెజబ్బు మనిషైనా ఆ నురగలో కుదుటపడతాడు. ఈలోగా ఒకావిడ ఫోన్లో వెతికి “వంటవాడే” అని చెప్పేసింది. అందరూ హమ్మయ్య అనుకుని కేకు దగ్గరికి లేచారు. డిటెక్టివ్ ఒక్కడే పదకొండు పెట్టెల్లోంచి, ఖాళీ కుర్చీలకి హంతకుణ్ణి పట్టి ఇస్తూ ఉండిపోయాడు.

కేకు మాత్రం బాగుంది. నాకు కాగితం ప్లేటులో గేటు దగ్గరికి పంపించారు.

అయితే ఈ సుఖం తెలియని మూర్ఖులు కొండల మీద ఇంకా కొందరు మిగిలారు. వాళ్లలో కనక ఒకతె. కాఫీ, పసుపు, రాజ్మా పండించుకునే ముప్పై గడపల ఊరు వాళ్లది. సెల్ టవరు పునాది దాకా వచ్చి ఆగింది, ఫోనుకి సిగ్నల్ లేదు. రేడియోకి ఆ పేచీ లేదు, ఎవరూ పిలవకుండానే కొండెక్కి పలుకుతుంది. ఊరంతటికీ పలికే రేడియో ఒక్కటే. కనక మామ పోలయ్య తన రోజుల్లో కొన్న చెక్కపెట్టె.

క్రిస్మస్ వారంలో స్టేషను వాళ్లు పాత నాటకం ఒకటి తీసి రోజుకో భాగం వేస్తారు. ప్రార్థనకి వెళ్లే ఇళ్లవాళ్లూ వెళ్లని ఇళ్లవాళ్లూ అందరూ కనక అరుగు మీదే. ఆఖరి భాగానికి ముందు, అనుమానం ఉన్న ఒక్కొక్కరి పేరునా, విస్తళ్లు కుట్టే అడ్డాకు ఒక్కొక్కటి పరుస్తారు. ఇది లాయరు ఆకు, ఇది కాపలావాడి ఆకు, ఇది తమ్ముడి ఆకు. ఇంటికో రాజ్మా గింజ. ఎవడు హంతకుడనుకుంటే వాడి ఆకులో వెయ్యాలి. తప్పు ఆకులో వేసినవాళ్లు పండగ వంటకి అడవి నుంచి కట్టెలు మొయ్యాలి. చూడండి, వినోదానికి వీళ్లు ఎంత కష్టపడతారో!

నిరుడు గింజలన్నీ కాపలావాడి ఆకులో పడ్డాయి. కనక ఇంటి గింజ ఒక్కటే లాయరు ఆకులో పడింది. అత్త చెబితే కోడలు బేబి వేసింది. ఆఖరిదైన ఆరో భాగం మొదలవుతుందనగా, గరగర తగ్గుతుందేమోనని ఆ బేబే మీట తిప్పింది. ముల్లుని నడిపే దారం పుటుక్కున తెగింది. నాటకం పోయింది.

ఊరు ఊరుకుంటుందా? ఓడిపోతామని తెలిసే, కట్టెలన్నీ ఒక్కతే మొయ్యాలని భయపడే దారం తెంపిందన్నారు. ఏడాదిగా నీళ్ల దగ్గర, తోట దగ్గర, పెళ్లి పందిట్లో బేబికి అదే మాట. ఈ క్రిస్మస్‌కి శ్రోతలు అడిగారని స్టేషను వాళ్లు అదే నాటకం మళ్లీ వేస్తున్నారు. ఊరంతటి ముందూ ఆరో భాగం వినిపించాలి. లాయరే హంతకుడని తేలితే బేబి మీద మచ్చ పోతుంది. ఈసారీ పెట్టె పలకకపోతే అది బతికినన్నాళ్లూ దారం తెంపిన గుంటే.

ఆ పెట్టెని నిరుడే నా దుకాణంలో పెట్టి వెళ్లారు. దారం వెయ్యడం పావుగంట పని. పావుగంట పనే కదా, ఎప్పుడైనా వెయ్యొచ్చని ఊరుకున్నాను. ప్రతి సంతకీ వచ్చేవాళ్లు. ‘వచ్చే సంతకి రా’ అనేవాణ్ణి. మెకానిక్ అన్నాక ఆ మాట అనకపోతే పనిలేనివాడనుకుంటారు.

నవంబరులో రిసార్టు మేనేజరు లక్ష్మీప్రసాద్ వచ్చి పాత పెట్టెలు పదకొండు కావాలన్నాడు. సొంతదారులు వదిలేసినవి నా దగ్గర పది ఉన్నాయి. పదకొండు ఇచ్చాను. చిన్నప్పటి నుంచీ నేను లెక్కల్లో వీకు.

క్రిస్మస్ ముందు సంతకి కనక, బేబి అడ్డాకుల కట్టలు అమ్ముకుని దుకాణం మెట్టెక్కారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కనక నాకన్నా పదేళ్లు పెద్దది. అయినా నేను ‘ఏటే కనకా’ అనే అంటాను. మేం మైదానం వాళ్లం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మర్యాదని కిందే దింపేసి వస్తాం, బరువని. ఆవిడ నన్ను తమ్ముడా అంటుంది. ఏళ్ల తరబడి సజావుగా సాగిపోతోంది.

ఆ రోజు ఏమైందో, లేచి స్టూలు తుడిచాను.

“రండి కనకమ్మగారూ, కూర్చోండి. టీ తాగుతారా?”

కనక కూర్చోలేదు. బేబి అత్త చెవిలో అన్నట్టే, నాకు వినపడేట్టుగా అంది.

“ఏటత్తా, ఈయనకి జొరం గాని తగిలిందేటి?”

“జొరం కాదు,” అంది కనక నా మొహమే చూస్తూ. “మా పెట్టేదీ తమ్ముడా?”

“అదేనండీ, చిన్న పార్టు ఒకటి వైజాగ్ నుంచి రావాలి. పాపం, మీరు అంత దూరం నుంచి...”

“మల్లీ అండీ అంతన్నాడు,” అంది బేబి.

కనక నెత్తి మీది వెదురు తట్ట దించి మెట్టు మీద కూర్చుంది.

“మా ఇంటి గింజ లాయరు ఆకులో ఎందుకేసినామో ఎరుగుదువా? ఆ నాటకంల అందరూ తిట్టుకుంటారు, కొట్టుకుంటారు. ఆ లాయరొక్కడే అమ్మగారూ అంటాడు, దయసేసి అంటాడు. ఊరోలు కాపలావోడంటారు. ఆడు తాగుతాడు, అబద్దాలాడతాడు, గానీ ఎవులకీ వంగి దండమెట్టడు. మెత్తగా మాటాడీవోడి సేతిలోనే కత్తుంటాది. మా కొండ మీద ఏటి పోయినా అలగే పోనాది.”

నేను తుడిచిన స్టూలు వైపు వేలు చూపించింది.

“ఇన్నేల్లు నన్ను ఏటే అన్నావు. మాదేటీ పోనేదు. ఈయేల గారూ అన్నావు. మా పెట్టె నువ్వే తీసినావు.”

చూశారా పాఠకులారా! బడి గడప తొక్కని మనిషి. సాక్షి లేడు, వేలిముద్ర లేదు, పోలీసు కుక్క లేదు. స్టూలు తుడిచినందుకు దొంగని పట్టేసింది. కొండ మీదివాళ్లకి రేడియో నాటకాలు వినిపించకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చెప్పేశాను. పెట్టె రిసార్టు భోజనాల హాల్లో కేకు బల్ల పక్కన ఉందని చెప్పాను. లోపలి సామాను మాత్రం పారెయ్యలేదు. అట్టపెట్టెలో పెట్టి అర మీద దాచాను.

“అంటే పెట్టె ఆలకి, పేగులు మనకా?” అంది బేబి.

“పేగులు పలుకుతాయేటి?” కనక అడిగింది.

పలుకుతాయి. ఏడాది పట్టిన పావుగంట పని అప్పుడు చేశాను. దారం వేసి, సామానంతా కనక తట్టలోనే సర్ది, కదలకుండా తీగతో కట్టి, కొత్త సెల్లులు వేశాను. కాస్త గరగరమని, తరవాత ఎవరో పసుపు ఎలా ఆరబెట్టాలో చెప్పడం మొదలెట్టాడు. కనక తల వంచి విన్నది.

“ఈడికి పసుపు తెల్దు గానీ, పలుకు బాగున్నాది,” అంది.

“తట్ట సూసి ఊరోలు నవ్వుతారత్తా.”

“నవ్వనీవే. ఆఖరి బాగం దాకానే నవ్వుతారు.”

లేచింది. లేచి, మళ్లీ నా వైపు తిరిగింది.

“ఒకటి సెప్పు తమ్ముడా. నాటకంల దొంగ దొరికినాక, ఎందుకు సేసినాడో సెప్తాడు కదా. నువ్వెందుకు తీసినావు?”

నాటకాల్లో ఆ చోట హంతకుడికి పెద్ద ఉపన్యాసం ఉంటుంది. పాత పగ, ఆస్తి తగాదా, దక్కని ప్రేమ. నేనూ గొంతు సవరించుకున్నాను. రిపేరు పని చచ్చిపోయిందనీ, రేడియో మొహం చూసేవాడు లేడనీ, రోజులు ఇలా వచ్చాయనీ వరసగా పేర్చుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్కటే.

“ఆయన నన్ను సార్ అన్నాడు,” అన్నాను.

ఒరేయ్ గణపతీ. ఓయ్ మెకానిక్. ఇదిగో, నిన్నే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ దుకాణంలో నా పేర్లు ఇవీ. లక్ష్మీప్రసాద్ ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడి, ‘గణపతిరావు సార్, మీలాంటి పెద్ద టెక్నీషియన్ మాకొక సాయం చెయ్యాలి’ అన్నాడు. పదిదాకా లెక్కపెట్టింది నేనే. పదకొండోది ఎప్పుడు అందించానో నా చేతికే తెలియదు.

బేబి నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్లిపోయింది. కనక నవ్వలేదు. తట్ట నెత్తికెత్తుకుంది.

“మా మావని ఒక సావుకారి పెద్దాయనగారూ అన్నాడు. పసుపు పండే మెట్ట బూమంతా పోనాది. నీది వొట్టి పెట్టే కదా, ఊరుకో,” అని మెట్టు దిగింది. పెట్టె నాది కాదని ఆవిడకి గుర్తులేనట్టుంది. లేదా బాగా గుర్తుందేమో.

పండగ వెళ్లిన సంతకి బేబి ఒక్కతే వచ్చింది. లాయరేనట. ఆరో భాగం అవగానే అందరూ తలలు వంచుకుని అరుగు దిగారట. మర్నాడు ఒక్క ఇల్లు తప్ప ఊరంతా కట్టెలు మోసిందట. బేబి దారి పక్క బండ మీద కూర్చుని, ఎవరి మోపు చిన్నదో చూసి చెప్పిందట.

“మరి ఊరివాళ్లు ఏమన్నారు?”

“ఇద్దరు నన్ను బేబిగారూ అన్నారు. అత్త ఆల మీద ఓ కన్నేసి ఉంచమంది.”

అప్పుడే ఫోను మోగింది. లక్ష్మీప్రసాద్. కొత్త సంవత్సరానికి ఇంకో ఆరు పెట్టెలు కావాలి సార్, మీరు తప్ప మాకెవరున్నారు సార్ అంటున్నాడు. నా అర మీద సరిగ్గా ఆరు రేడియోలున్నాయి. ఆరింటికీ సొంతదారులున్నారు. ఆరుగురినీ వచ్చే సంతకి రమ్మన్నాను. బేబి నా మొహం వంకే చూస్తోంది.

ఛీ అనకండి పాఠకులారా. మిమ్మల్ని ఆఫీసులో, బ్యాంకులో, కాఫీ హోటల్లో రోజుకి నలభైసార్లు సార్ అంటారు, మేడమ్ అంటారు. మీకు ఆ మాట ఈగ వాలినట్టు ఉంటుంది.

“లైను బాగాలేదండీ,” అన్నాను ఫోన్లో. “మొదట్నుంచీ ఇంకొకసారి చెప్పండి.”

లైను శుభ్రంగానే ఉంది.