నీడ పడని కాలరు

ఆ రోజు పొద్దున టీచరమ్మ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కోడలు ఆఫీసుకు వెళుతుంది. పదింటికల్లా టీచరమ్మ భర్త రెండు బల్బులు తెస్తాడు. పదకొండింటికి ఆవిడ ఫోను ముందు కూర్చుని, చొక్కాకు కాలరు ఎలా కుట్టాలో ఐదు నిమిషాల్లో చెప్పేస్తుంది. సాయంత్రం నాలుగులోపు ఆ వీడియో కుట్టు స్కూలు ప్రిన్సిపాలుకు చేరుతుంది. ఇందులో చిక్కు పడటానికి ఏముందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

ఆ స్కూల్లో టీచరమ్మ ఇరవై రెండేళ్ళు కుట్టు నేర్పింది. మూడు నెలల క్రితం స్కూలువాళ్ళు గదులు ఖాళీ చేసి, ఇకమీదట పాఠాలన్నీ ఫోన్లోనే అన్నారు. ఫోను పాఠాలకు ఒక్క టీచరు చాలు. ఉన్నది ముగ్గురు. తలా ఒక పాఠం తీసి పంపండి, చూసి చెబుతామన్నారు. అప్పటినుంచి టీచరమ్మ పైకి నవ్వుతూనే ఉంది గానీ, పొద్దున పదయ్యేసరికి అలవాటు కొద్దీ టేపు మెడలో వేసుకుని, వెళ్ళాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి మెల్లగా తీసేస్తోంది. ఆ తీసేయడం చూడలేకపోయినవాడు ఆవిడ భర్త.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది గానీ మాట తగ్గలేదు. కదిలేది బండైనా, మంచమైనా, కుట్టు మిషనైనా పక్కన నిలబడి "రైట్ రైట్!" అనకపోతే ఆయనకు తోచదు. ముప్ఫై ఏళ్ళ క్రితం కాలు విరిగి ఆయన ఏడాదిపాటు మంచాన పడితే, ఇల్లు టీచరమ్మ సూది మీదే నడిచింది. ఆ సంగతి ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. అన్నేసి మాటలు మాట్లాడే మనిషికి ఆ ఒక్క మాటకే నోరు రాలేదు.

అసలు గొడవంతా వెలుతురుతోనే. ఆ గదికి ఒకటే కిటికీ. దానికి ఎదురుగా పక్కింటి గోడ. నడినెత్తిన ఒకటే బల్బు. ముందురోజు కోడలు ఫోన్లో తీసి చూస్తే, టీచరమ్మ మిషను మీదికి వంగడం ఆలస్యం, ఆవిడ తలా చేతులూ కలిసి సూది మీద నల్లటి నీడ పరిచాయి.

"అత్తయ్యా, మీ చెయ్యి బాగా పడింది. ఉంగరం కూడా పడింది. కుట్టొక్కటే పడలేదు," అంది కోడలు.

"కిటుకంతా కాలరు మొనలోనే కదే ఉంది! అది కనబడనప్పుడు పాఠం చెబితే ఏం, పాట పాడితే ఏం?"

కోడలు ఆఫీసులో తెలిసినవాళ్ళను వాకబు చేసి కాగితం మీద రాసిపెట్టింది. బల్బులు రెండూ ఒకే రకం కావాలి. కుడినుంచి ఒకటి, ఎడమనుంచి ఒకటి ఏటవాలుగా పడాలి. వాటి ముందు పల్చటి తెల్లగుడ్డ కడితే నీడ మెత్తబడుతుంది. "ఖరీదైనవేవీ వద్దు మామయ్యా. కానీ రెండూ తెల్లవే. తెలుపూ పసుపూ కలపకండి," అని మూడుసార్లు చెప్పి మరీ వెళ్ళింది.

ఎలక్ట్రిక్ కొట్టతను ముందుగా మూడుకాళ్ళ స్టాండు మీద నిలబడ్డ గుండ్రటి లైటొకటి చూపించాడు. దాని ధర విని కండక్టరుగారు కౌంటరు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "లైటు అడిగాను నాయనా, బస్సు కాదు."

"అయితే ఈ మామూలు బల్బులు తీసుకోండి బాబాయ్. చీపురుకర్రకు కట్టినా వెలుగు వెలుగే. కాకపోతే ఈ రకంలో తెల్లది ఒకటే మిగిలింది. రెండోది సాయంత్రం వస్తుంది."

సాయంత్రందాకా ఆగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఇంకో కొట్టు చూడాలంటే రెండు వీధులు దాటాలి. వెలిగేదానికి రంగు పట్టింపేమిటని, ఒక తెల్లది, ఒక పసుపుది పట్టుకుని ఆయన ఇంటికొచ్చాడు. కొట్టతను అన్న మాట మీద గౌరవంతో నిజంగానే చీపురుకర్రలకు కట్టి, రెండు కుర్చీలకు బిగించి, స్విచ్చి వేశాడు.

టీచరమ్మ ఫోన్లోకి చూసి దిగాలుపడింది. నీలం గుడ్డ ఎడమపక్క నీలంగానే ఉంది. కుడిపక్క ఆకుపచ్చగా మారింది. "ఏమిటండీ ఇది? నా కుడిచేతికి కామెర్లు వచ్చినట్టుంది!"

"దానికేం, ముందు గుడ్డ కడితే రెండూ కలిసిపోతాయి," అన్నాడాయన ధీమాగా.

పల్చటి గుడ్డ వెతికే ఓపిక ఆయనకు లేదు. మంచం మీది తెల్ల దుప్పటి లాగి, కిటికీ ఊచనుంచి, దారిలో రెండు కుర్చీలనూ చుట్టి, బీరువా పిడిదాకా తాడు కట్టి, నోట్లో నాలుగు క్లిప్పులు కరుచుకుని దుప్పటి ఆరేశాడు. ఇంకా ఒక క్లిప్పు నోట్లోనే ఉంది, ఆయన మాత్రం చేత్తో "కానీ, కానీ" అని సైగ చేశాడు. టీచరమ్మ ఫోను నొక్కి, చేతిమిషను తిప్పుతూ పాఠం మొదలుపెట్టింది.

"మొన దగ్గరికి రాగానే సూది దించి ఆగాలి. ఇక్కడొక దారం అడ్డంగా వేసి రెండు కుట్లు వెయ్యాలి. తర్వాత ఆ దారం పట్టుకుని లాగితే మొన దానంతటదే బయటికొస్తుంది. కత్తెరతో పొడవకూడదు..."

బరువుకు తాడు జారింది. దుప్పటి అంచు పిల్లిలా వచ్చి సూది కింద పడుకుంది. మాటల్లో మునిగిన టీచరమ్మ గుడ్డ కాస్త మందంగా తగులుతోందే అనుకుంటూనే చక్కటి కుట్టు చివరిదాకా వేసి, "చూశారా, ఇలా రావాలి," అని కాలరు పైకెత్తింది. కాలరుతోపాటు దుప్పటి వచ్చింది. దుప్పటితో తాడు, తాడుతో కుర్చీలు, కుర్చీలతో చీపురుకర్రలు వచ్చాయి. ఒక బల్బు నేలకు కొట్టుకుని టప్పుమంది. ఎక్కడో చిటపటలాడి ఇల్లంతా చీకటైంది. ఉలిక్కిపడ్డ కండక్టరుగారి నోట్లోని క్లిప్పు ఆయన కింది పెదవినే పట్టుకుంది.

"చొక్కాకు కుట్టాల్సిన కాలరు మంచానికి కుట్టించారు గదండీ!" అంది టీచరమ్మ. నవ్వుదామనుకుంది, నవ్వు రాలేదు. "పోనివ్వండి. నాకు రాసిపెట్టిలేదు." మెడలో టేపు తీసి మిషను మీద పెట్టింది.

ఆయన అది చూశాడు. వెంటనే బయటికి నడిచాడు.

ఫ్యూజు తీగకోసం మళ్ళీ కొట్టుదాకా వెళ్ళే వ్యవధి లేదు, మరి ఎవరినడగాలి? ఆ వేళప్పుడు ఇళ్ళన్నీ తాళాలే. తెరిచి ఉన్నది పక్కవాటాలో రెండు నెలల క్రితం పెట్టిన పళ్ళ ఆసుపత్రి ఒక్కటే. వచ్చేపోయే రోగులు తమ గుమ్మం ముందు బళ్ళు పెడుతున్నారని కండక్టరుగారు ఆ డాక్టరుతో మాటలు మానేశాడు. అయినా ఇప్పుడు అభిమానం చూసుకునే వేళ కాదు. వాచిన పెదవితో లోపలికి వెళ్ళి నర్సుతో చెప్పాడు.

"పూజు... పోయింది."

"పుచ్చిపోయిందా? అయ్యో, మూతి కూడా వాచింది. రండి తాతగారూ, ముందు మీరే రండి!"

వరసలో ఉన్నవాళ్ళు జాలిగా దారి ఇచ్చారు. ఆయన చేతులు ఊపేకొద్దీ నొప్పికి మెలికలు తిరుగుతున్నాడనుకుని నర్సు భుజాలు పట్టుకుని కుర్చీలో వాల్చేసింది. కుర్రడాక్టరు వచ్చి, పాత తగాదా ఏదీ మనసులో పెట్టుకోకుండా, "నోరు తెరవండి బాబాయిగారూ," అని పైనున్న దీపం వెలిగించాడు.

కండక్టరుగారి కళ్ళు పెద్దవయ్యాయి. డాక్టరు చెయ్యి ఆయన నోటి మీదికి వచ్చింది, చేతిలోని చిన్న అద్దం వచ్చింది, అయినా ఆ అద్దంలో కనిపిస్తున్న తన నోట్లో ఎక్కడా నీడ లేదు! చేతికి ఇటునుంచీ అటునుంచీ కూడా వెలుతురు వచ్చి పడుతోంది. తెల్లటి వెలుతురు, ఎక్కడా పసుపు ఛాయ లేదు.

"ఆ! అదే! అదే!" అని అరిచాడు.

"ఇదేనా?" అన్నాడు డాక్టరు, చివరి పన్ను మీద తట్టి.

"అదే! అదే కావాలి!"

"తీసెయ్యడమే మంచిది. ఇంజెక్షన్ ఇస్తాను, పది నిమిషాలు ఇలాగే కూర్చోండి," అని ఇచ్చేసి, డాక్టరు పక్కగదిలోకి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో ఈయన ఇటునుంచి పరుగు.

ఏనుగెక్కినంత సంబరంతో ఇంట్లోకి వచ్చి చెప్పబోయేసరికి, నోరు తనది కాదు. నాలుక చాపచుట్టలా పడుంది. మూతి ఒక పక్కకు జారింది. "లా... దొయి... దా..." అంటూ మిషను పట్టుకుని గుమ్మంవైపు లాగసాగాడు.

టీచరమ్మ ఆయన మొహంలోకి చూసింది. మూతి వంకర! మాట పడిపోయింది! కోడలికి ఫోను చేసి, "మీ మామయ్యకి పక్షవాతమే తల్లీ, వెంటనే రా!" అని ఏడ్చేసింది. ఆయన కాదు కాదని తల అడ్డంగా ఊపితే, అది వణుకనుకుని తల గట్టిగా పట్టుకుంది. ఆయన కుట్టు సుద్ద తీసుకుని నీలం గుడ్డ మీద "లైటు దొరికింది" అని రాసి చూపించాడు. ఆ గదిలో అది చదవడానికి లైటు లేదు.

"నాకేం వద్దండీ. వీడియో వద్దు, ఉద్యోగం వద్దు. మీరు బాగుంటే చాలు," అంది ఆవిడ, ఆయన చెయ్యి వదలకుండా. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న మాట సరిగ్గా అప్పుడే ఆయన గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆవిడ చేతిని తన చెంపకు ఆనించుకున్నాడు. చెంపకు స్పర్శ లేదు గానీ, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. అది చూసి ఆవిడ ఇంకా బెదిరిపోయి, దగ్గర్లో ఉన్న డాక్టరు ఆ డాక్టరే గనక, ఆయన్ని పక్కవాటాలోకి నడిపించుకుపోయింది. ఆయన చంకలో చేతిమిషను అలాగే ఉంది.

"పక్షవాతం కాదు పిన్నిగారూ, నా ఇంజెక్షను," అన్నాడు డాక్టరు, సంగతి విని. "మరి బాబాయిగారు మిషనెందుకు తెచ్చినట్టు?"

కండక్టరుగారు నీలం గుడ్డ విప్పి అందరికీ చూపించాడు. తర్వాత తన చెయ్యి దీపం కిందికి పెట్టి, అటూ ఇటూ తిప్పాడు. నీడ పడలేదు. టీచరమ్మ ఆ చేతినీ, ఆయన వంకరమూతినీ మార్చి మార్చి చూసింది. "దీనికోసమా?" అంది. ఆయన తల ఊపాడు. ఆవిడ కొంగుతో ఆయన నోటి చివర తుడిచి, డాక్టరుకు వీడియో సంగతంతా చెప్పింది.

డాక్టరు గడియారం చూశాడు. "ఒంటిగంట నుంచి మూడింటిదాకా నాకు విరామం. గది మీది. కానీ ముందు ఆ పన్ను తీసేస్తాను. మీరు లైటు చూసి అరిచినా, అది మాత్రం నిజంగానే పుచ్చింది. ఇంకో నెల ఆగితే దవడంతా పాకేది."

పన్ను పోయింది. నోట్లో దూదితో ఆయన మూలన కూర్చున్నాడు. ఆఫీసునుంచి చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చిన కోడలు, మామగారు బతికే ఉన్నందుకు ముందు ఏడ్చి, తర్వాత ఫోను పట్టుకుంది. పనిముట్ల బల్లను నర్సు తుడిచి ఇచ్చింది. డాక్టరు దీపం వంచి పట్టాడు. మూడింటికి రమ్మంటే ముందే వచ్చిన ఓ ముసలావిడ, వాచిన దవడ పట్టుకుని మరీ, "ఆ దారం మళ్ళీ లాగి చూపించమ్మా," అంది.

నాలుగుకు పది నిమిషాలుందనగా వీడియో వెళ్ళింది. వెళ్ళాక గానీ కోడలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినలేదు. విని తెల్లబోయింది. పాఠం పొడుగునా వెనకాల ఎవరో "ఊఁ... ఊఁ..." అని మూలుగుతున్నారు. దూది కుక్కినా కండక్టరుగారు "రైట్ రైట్" మానలేదన్నమాట. ఆయన తల దించుకున్నాడు.

"పోతే పోనివ్వండి," అంది టీచరమ్మ. "ఇంతమంది నాకోసం ఇంత చేశారు. ఇకనుంచి మా గుమ్మం ముందు మీవాళ్ళు ఎన్ని బళ్ళైనా పెట్టుకోవచ్చు డాక్టరుగారూ." అప్పుడు డాక్టరు స్టోరు గదిలోంచి పాత కుర్చీ తాలూకు దీపమొకటి దుమ్ము దులిపి తెచ్చాడు. "కొత్త కుర్చీ వచ్చాక ఇది ఊరికే పడుంది పిన్నిగారూ. మీ దగ్గరుంటే వెలుగుతుంది."

సాయంత్రం ఆరింటికి ప్రిన్సిపాలు ఫోను చేసింది. టీచరమ్మ మాట్లాడుతుంటే ఇంట్లో మిగతా ఇద్దరూ చెరోపక్కన చేరి ఫోనుకు చెవులు ఆనించారు.

"మూడు పాఠాలూ చూశామమ్మా. మిగతా ఇద్దరూ బోలెడు లైట్లు పెట్టి తీశారు, వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి గానీ కుట్లు కనబడలేదు. మీదాంట్లో మొహమే లేదు, సూది మొన మాత్రం అరచేతిలో పెట్టి చూపించినట్టుంది. సోమవారం నుంచి పాఠాలు మీవే. ఒక్కటే అర్థం కాలేదు. వెనకాల ఎవరో మూలుగుతున్నారు, ఎవరికైనా బాగోలేదా?"

టీచరమ్మ భర్తవైపు చూసింది.

"అబ్బే, మూలుగు కాదు మేడమ్," అంది. "మావారు మెచ్చుకుంటున్నారు."